పదకొండో పాఠం

“చిన్నీ! నా పాఠాలేవే? నా పాఠాలన్నీ ఏమైపోయాయే?”

వంటింట్లో కూరగాయలు తరుగుతున్న కూతురు ఆ కేకకి ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చింది. హాల్లో కుర్చీ అంచున కూర్చుని, ఫోన్‌ని పట్టుకుని తెరని మళ్లీ మళ్లీ నొక్కుతోంది తల్లి. తెర మీద ముప్పై పాఠాలకీ ముప్పై పచ్చ గుర్తులు! ‘శిక్షణ పూర్తయింది, అభినందనలు’ అని కింద ఒక ముక్క. ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు.

“ఓస్, అంతేనా! నువ్వు బజారుకెళ్లినప్పుడు నేనే టకటకా నొక్కేశానమ్మా. పరీక్ష కూడా రాసేశాను. నూటికి నూరు!” అంది చిన్ని నవ్వుతూ.

తల్లి నవ్వలేదు. “ఎవరు చెయ్యమన్నారే నిన్ను? పెద్ద టీచరమ్మ కాళ్లా వేళ్లా పడి ఇంకో నెల గడువు తెచ్చుకున్నానే...”

“గడువా? నాకు చెప్పలేదేం?”

“అన్నీ నేర్చుకున్నాక ఒక్కసారే చెబుదామనుకున్నాను...”

ఇరవై నాలుగేళ్లుగా ఆడపిల్లల బడిలో కుట్టు నేర్పుతున్న మనిషి ఆవిడ. పిల్లలు ముద్దుగా ‘సూదమ్మ’ అంటారు. ఈ ఏడాది బడివాళ్లకి ఏం పుట్టిందో ఏమో, టీచర్లంతా కంప్యూటర్ బోర్డు మీదే పాఠం చెప్పాలన్నారు. ఫోన్‌లో ముప్పై పాఠాలు చూసి, పరీక్ష రాసి, తనిఖీకి వచ్చినవాళ్ల ముందు బోర్డు మీద చెప్పి చూపించాలి. రానివాళ్లు ఇంటికే! చిన్ని అదే బడిలో మూడు నెలల కిందట కంప్యూటర్ టీచరుగా చేరింది. ఎవరి పరీక్షా తను రాయనని, రాస్తే ఉద్యోగం పోతుందని చేరినరోజే సంతకం పెట్టింది కూడా. అమ్మ పరీక్ష ‘ఎవరి పరీక్షో’ ఎలా అవుతుందనుకుంది కాబోలు, పిచ్చిపిల్ల!

సూదమ్మ ఒక్కో పాఠాన్నీ మూడేసి సార్లు చూసేది. ఆపుకుని, వెనక్కి జరుపుకుని, ఏ గుర్తు నొక్కితే ఏమొస్తుందో నోటుపుస్తకంలో బొమ్మలు వేసుకునేది. అలా పది అయ్యాయి. పదకొండోది, బోర్డు మీద గీత గీయడం. చొక్కా కాలరుని బోర్డంత పెద్దగా గీస్తే వెనక బెంచీ పిల్లకి కూడా కనబడుతుందని ఎంత సంబరపడిందో! ఇప్పుడు ఆ పాఠానికి తాళం పడింది. శిక్షణ పూర్తయిందని నమోదు కాగానే తనిఖీ తేదీ కూడా దానంతటదే పడిపోయింది. సోమవారం! ఆపమని అడిగితే చిన్ని చేసిన పని బయటపడుతుంది.

ఆదివారం చిన్ని నేర్పడానికి కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ, “అది కాదమ్మా, ఇలా ఇవ్వు” అంటూ ప్రతిసారీ తనే లాక్కుని చేసేసింది. పిల్ల చెడ్డది కాదు. ఓపిక లేదు, అంతే.

సోమవారం బోర్డు ముందు నిలబడి సూదమ్మ కాలరు గీయబోయింది. ఒకటి ముట్టుకుంటే ఇంకొకటి వచ్చింది. గీత పడలేదు. తనిఖీకి వచ్చినావిడ కాగితాలు తిరగేసి తలెత్తింది. “చివరి ఇరవై పాఠాలూ రెండు గంటల్లో చూశారా? నూటికి నూరు మార్కులా? ఎవరు రాశారండీ మీకీ పరీక్ష?”

పక్కనే నిలబడ్డ చిన్ని ముఖంలో నెత్తురు చుక్క లేదు. తల్లి ఒక్కసారి కూతురివైపు చూసింది.

“నేనేనండీ. పాఠాలు చూడకుండా తోసేశాను. జవాబులు ఏదో ఒకటి నొక్కుకుంటూ పోతే తగిలాయి.”

“ఎందుకలా చేశారు?”

“ఓపిక లేకండీ...”

పెద్ద టీచరమ్మ నిర్ఘాంతపోయింది. “ఓపిక లేదా? నీకా!”

బొత్తానికి కాజా కుట్టడం రాని పిల్లని పట్టుకుని పదిహేను రోజులు నేర్పిన మనిషి నోటివెంట ఆ మాట! చెప్పవే చిన్నీ, ఒక్క ముక్క చెప్పవే... ఊహూఁ. పాఠాలు చూడకుండానే చూసినట్టు నమోదు చేసుకుందని రాసి, సాయంత్రంలోగా సూదమ్మని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇంటికొచ్చాక చిన్ని తల్లి ఒళ్లో పడి వెక్కి వెక్కి ఏడ్చింది. “రేపే వెళ్లి నిజం చెప్పేస్తానమ్మా! నన్ను కొట్టు, తిట్టు!”

“చెప్పి? ఇద్దరం ఇంట్లో కూర్చుందామా? నామీద ఒట్టు, నోరెత్తకు.” ఆవిడ కళ్లు అప్పుడు నిండాయి. “ఉద్యోగం పోయిందని కాదే నా ఏడుపు. బడివాళ్లు నాకు రాదనుకుంటే సరేలే, వాళ్లకేం తెలుసు? నా కడుపున పుట్టినదానివి, నువ్వు కూడా అనుకున్నావు కదే చిన్నీ... అమ్మకి రాదని!”

చిన్ని ఇక తట్టుకోలేకపోయింది. గబగబా లేచి తన కంప్యూటర్ తెచ్చి తల్లి ముందు పెట్టింది. “నేర్పుతానమ్మా! పదకొండో పాఠం ఇప్పుడే నేర్పుతాను. ఎన్ని రోజులైనా కూర్చుంటాను, చచ్చినా లాక్కోను...”

సూదమ్మ కూతురి తల నిమిరింది.

“నేర్చుకుంటాలే. నేర్చుకుని ఎవరికి చెప్పనే తల్లీ?”