ఎడమ భుజం కొలత

"శనివారం పదకొండింటికి డాక్టర్ సత్యవాణి యూనివర్సిటీ ఆరుబయట మాట్లాడతారు. ఆవిడని చంపడానికి ఒక విదేశీ ముఠా షూటర్‌ని పెట్టింది. ఆ షూటరెవరో మనకి తెలియదు."

ఫోన్‌లో చీఫ్ విజయేంద్ర. ఐర్లండ్‌లోని గాల్వే శివారులో, తుపాకుల మరమ్మతు షెడ్డులో ఏజెంట్ కళాధర్ నిలబడే విన్నాడు. అది 2010. ఫ్యాక్టరీలో ఉద్యోగం ఊడి ఈ పనిలో చేరానని చెబితే ఊరంతా నమ్మింది. ఆ ఏడు మాంద్యంలో ఎవరి ఉద్యోగం ఊడిందన్నా అక్కడ అనుమానపడేవాళ్లు లేరు.

"రైఫిల్ ఏది సార్?"

"వేట రైఫిల్. ఉన్నవాటిలో చవకది. మాంద్యం ముఠాలకీ ఉందయ్యా! గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే దాని ప్లాస్టిక్ స్టాక్ మార్పించడానికి నీ దగ్గరికే పంపుతున్నారు. కొత్త స్టాక్‌లో మైక్ దాచు. అది వింటూ గార్డుల పోలీసు వ్యాన్ నీకు నాలుగు నిమిషాల దూరంలో ఉంటుంది. మైక్ సంగతి జయశ్రీకి కూడా చెప్పకు."

జయశ్రీ ముఠాలోకి తమవాళ్లు పంపిన మనిషి. మర్నాడు ఎర్రకోటులో, ఖరీదైన సెంటుతో రైఫిల్ పట్టుకుని వచ్చింది.

"వాన తగ్గిందా?" అన్నాడు కళాధర్.

"గాల్వేలో తగ్గడమేంటండీ!"

కోడ్ సరిపోయింది. కళాధర్ స్టాక్ ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కాడు. ప్లాస్టిక్ వంగి గొట్టానికి తగిలింది.

"ఇలా తగిలితే గుండు ఒకచోట పడదు. వాల్‌నట్ చెక్క అందమే గానీ ఇక్కడి తేమకి ఉబ్బుతుంది. చెక్కపొరలు అతికించిన లామినేట్ వేద్దాం. ధర తక్కువ, గట్టిది."

"వేసెయ్యండి. షూటర్ కొలతలివి."

చీటీ చదివాడు. స్టాక్ పొట్టిగా ఉండాలి. చెంప ఆనే ఎత్తు కుడిపక్కన ఉండాలి. అంటే పొట్టి మనిషి, ఎడమచేతివాటం. ఒక్క క్షణం జయశ్రీ మీదికే అనుమానం పోయింది. కానీ ఆమె తను తెచ్చిన పులిహోర కుడిచేత్తో తింటోంది, డబ్బా కుడిచేత్తోనే అందించింది. అనవసరంగా అనుమానించానని సిగ్గుపడ్డాడు.

శనివారం తొమ్మిదింటికి ఆమె మళ్లీ వచ్చింది. స్టాక్ బిగించాక ఎవరిచేతనైనా కళ్లు మూయించి ఎత్తించి చూడటం ఈ పనిలో అలవాటు.

"మీదీ షూటర్ ఎత్తే కదా. కళ్లు మూసుకుని ఒక్కసారి భుజానికి ఆనించండి."

నవ్వుతూ కళ్లు మూసి ఎత్తింది. రైఫిల్ తిన్నగా ఎడమ భుజానికి వెళ్లింది. కుట్టించుకున్న జాకెట్టులా అతికినట్టు కూర్చుంది.

కళాధర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె కళ్లు తెరిచి అతని ముఖం చూసింది. నవ్వు పోయింది.

"మరి... అన్నం కుడిచేత్తో..."

"చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ ఎడమచేతికి వాత పెట్టిందండీ. తిండికీ, ఇచ్చిపుచ్చుకోడానికీ కుడిచెయ్యి. మిగతాదంతా ఎడమే." బల్ల మీదున్న బోల్ట్, తూటాని లోపలికి తోసే కడ్డీ, తీసి రైఫిల్లో దూర్చింది. కోటు జేబులోంచి తూటా తీసింది. "సత్యవాణికంటే ముందు మీరు. ఏమనుకోకండి."

గోడ గడియారం కదలనట్టే ఉంది. మైక్ విని గార్డులు వచ్చేదాకా మాట్లాడించాలి.

"రబ్బరు ప్యాడ్... ఇంకొంచెం మందంది వేస్తాను. భుజం నొప్పెడుతుంది."

"గ్రాండ్‌గానే ఉందండీ."

"చెక్కకి నూనె పట్టించలేదు..."

"భయపడుతున్నారు."

"అవును," అన్నాడు కళాధర్. చచ్చేంత భయం వేసింది, దాచుకోలేదు. ఈమె ఇక్కణ్ణించి రైఫిల్‌తో బయటపడితే పదకొండింటికి ఆ పెద్దావిడ ఉండదు.

జయశ్రీ తూటా పెట్టి బోల్ట్ తోసింది. దాని పిడి కిందికి దిగలేదు; దిగకపోతే పేలదు. బలంగా కొట్టింది. దిగలేదు.

అప్పుడు వెలిగింది కళాధర్‌కి. కొత్త స్టాక్ పలచన, దాన్ని బిగించే పాత స్క్రూ పొడుగు. కొన అరగదీయాలి. ఆమె కారు చప్పుడికి కంగారుపడి అరగదీయకుండానే బిగించేశాడు. ఆ కొన లోపలికి పొడుచుకొచ్చి బోల్ట్‌ని పట్టేసింది. ఆమె తలవంచి చూసిన క్షణంలో బల్లని ఆమె మీదికి తోసేశాడు. ఇద్దరూ నేలమీద పడి పెనుగులాడుతుండగా తలుపు బద్దలు కొట్టుకుని గార్డులు వచ్చారు.

పదకొండింటికి సత్యవాణి గొడుగు కింద నిలబడి ముప్పావుగంట మాట్లాడింది.

సాయంత్రం చీఫ్ అడిగాడు: "పొడుగు స్క్రూ వెయ్యాలని ముందే ఎలా తట్టిందయ్యా నీకు?"

"అనుభవం సార్," అన్నాడు కళాధర్. అందుకు మెడల్ కూడా ఇచ్చారు.