పేరు చెరిపిన క్యారేజీ

తెనాలిలో డిటెక్టివ్ ఝాన్సీ ఆఫీసు ఒక టిఫిన్ సెంటరు మీది మేడలో ఉంది. కింద ఇడ్లీలు ఉడికేవి, పైన అసిస్టెంటు కృష్ణకాంత్ కడుపు ఉడికేది. అందుకే ఆ రోజు మెట్లెక్కి వచ్చిన అమ్మాయి చేతిలో క్యారేజీ చూసి గభాలున లేచాడు. ముఖం చూసి, అంతే గభాలున కూర్చున్నాడు. ఆ ముఖం నిండా భయమే.

"నా పేరు ప్రశాంతి అండి. బాపట్లలో యూనివర్సిటీ చదువు."

"పేరులో ఉన్నది ముఖంలో లేదేంటమ్మా?" అంది ఝాన్సీ. "కూర్చుని చెప్పు."

ప్రశాంతి భట్టిప్రోలు కూలీ యలమంద కూతురు. ఫీజు పూర్వ విద్యార్థుల సంఘం కడుతోంది. హాస్టల్లో మెస్సుకు మాత్రం కట్టుకోలేక మానేసి, బన్నులతో నెట్టుకొచ్చింది. అలాంటిది ఒక మధ్యాహ్నం తన పేరు మీద ఆటోలో క్యారేజీ వచ్చింది. అప్పట్నుంచి రోజూ వస్తోంది. పంపేదెవరో వాచ్‌మన్‌కీ తెలియదు.

"క్యారేజీ వచ్చి క్యారెక్టర్ మీద పడిందండి. ఎవడో మేపుతున్నాడని ఊళ్ళో అనేశారు. పంపేదెవరో తేలకపోతే సోమవారం చదువు మాన్పించి తీసుకెళ్ళిపోతానన్నాడు మా నాన్న."

ఝాన్సీ క్యారేజీని అటూ ఇటూ తిప్పింది. మూత మీద గీకేసిన మచ్చ ఉంది.

"చెక్కిన పేరు గీకేశారు. రోజూ ఇదే వస్తుందా?"

"లేదండి, రోజుకొకటి. ఒకదానికి అడుగున గీకి ఉంటుంది, ఒకదానికి పిడి మీద."

"మరి వంట?"

"మంగళవారం గోంగూర కళ్ళనీళ్ళు తెప్పిస్తుందండి. శనివారం ఉల్లిపాయ ఉండదు. ఆదివారంది చల్లారిపోయి వస్తుంది. ఏ వారం చూసినా అంతే."

"హోటలువాడి పనే మేడం!" అన్నాడు కృష్ణకాంత్.

"పప్పులో కాలేశావు తమ్ముడూ, అదీ పరాయి క్యారేజీలో పప్పు. హోటలువాడు సామానంతటికీ పేరు ఒక్కచోటే వేయిస్తాడు. పద, ఫీజు కట్టే సంఘాన్ని అడుగుదాం, రేపల్లెలో."

సంఘం అధ్యక్షుడు బ్రహ్మానందం రేపల్లెలో రైసు మిల్లు యజమాని. పెద్దవయసు, పెద్దమనిషి. భోజనం దగ్గరున్నవాడు వీళ్ళనూ కూర్చోబెట్టి వడ్డించాడు. కృష్ణకాంత్‌కు ఆ కేసు మీద అప్పుడే గౌరవం పెరిగింది.

"ఫీజు వరకే మా సంఘం పూచీ. క్యారేజీ సంగతి నాకేం తెలుసమ్మా?" అన్నాడు బ్రహ్మానందం, ఆకాశం వంక చూస్తూ. తర్వాత లేచి, ఇంట్లో ఇద్దరు పనివాళ్ళుండగా, తన కంచం తానే కడిగి వరండా గట్టు మీద బోర్లించాడు.

"మీరు కడగడం ఏంటండి?" అన్నాడు కృష్ణకాంత్.

"చిన్నప్పటి అలవాటు బాబూ."

ఝాన్సీ కళ్ళు మెరిశాయి. "ఆదివారం హాస్టలుకు రండి బాబాయ్ గారూ. బాపట్లలో ఉన్న మీ సంఘం వాళ్ళందర్నీ తీసుకురండి."

ఆదివారం హాస్టలు విజిటర్స్ గదిలో అందరూ చేరారు. యలమంద మాత్రం కూర్చోలేదు.

"నా కూతురికి కూడు పెడుతోంది ఎవడమ్మా?"

"ఎవడో కాదు బాబాయ్, ఏడుగురు," అంది ఝాన్సీ. "ఎవరింట్లో వాళ్ళు గిన్నెల మీద పేరు ఒకే చోట చెక్కించుకుంటారు. ఇక్కడ రోజుకో చోట మచ్చ, రోజుకో రుచి. అంటే రోజుకో ఇల్లు. ఏడు రోజులు తిరిగితే మళ్ళీ అదే ఇల్లు. వెనకటికి పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకునేవారు, రోజుకొకరింట్లో భోంచేసి. తిన్న కంచం కడిగి బోర్లించి మరీ వెళ్ళేవారు. మిల్లు వచ్చినా ఆ అలవాటు పోనిది ఎవరికో నేను రేపల్లెలో చూశాను. ఆదివారం అన్నం అక్కణ్ణుంచి బస్సెక్కి వస్తే చల్లారక ఏం చేస్తుంది?"

బ్రహ్మానందం తల దించుకున్నాడు. "నేను వారం తిన్న ఒక ఇంట్లో కంచం మధ్యలో వాళ్ళ పేరుండేదమ్మా. అన్నం తగ్గేకొద్దీ పేరు బయటపడేది. ముద్ద దిగేది కాదు. వార్డెన్ ఈ పిల్ల సంగతి చెప్పగానే, పేర్లు గీకేసి పంపమని అందరికీ చెప్పాను."

"మీ పేర్లు దాచబోయి, పిల్ల పేరు పోగొట్టేవారు కదండీ!" అంది ఝాన్సీ.

గది చిన్నబోయింది. సంఘంలో అందరికన్నా పెద్దావిడ, రిటైరైన టీచరు కోటేశ్వరమ్మ, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"మంగళవారం గోంగూర నాదేనమ్మా. కారం ఎక్కువైందా?"

"ఎక్కువేనండి టీచర్ గారూ!" అంటూ ప్రశాంతి ఏడుస్తూనే నవ్వేసింది.

యలమంద అప్పటికి కుర్చీలో కూలబడ్డాడు. కండువాతో ముఖం తుడుచుకుని, బ్రహ్మానందం వైపు తిరిగాడు.

"అయ్యా, ఆదివారం నాకొదిలెయ్యండి. నేనే తెస్తాను. మా పిల్ల గదిలో ఇంకో పిల్ల కూడా బన్నులే తింటోందంట, మీ క్యారేజీ ఆ పిల్లకి పంపండి."

"మరి నా చదువో నాన్నా?" అంది ప్రశాంతి.

"చదువుకోక? ఏడిళ్ళవాళ్ళు పెడితే తిని, మధ్యలో మానేస్తావేంటే!"

మరుసటి ఆదివారం, కేసు పూర్తిగా తేలిందో లేదో చూసి రావాలంటూ కృష్ణకాంత్ సరిగ్గా భోజనాల వేళకు హాస్టలుకు వెళ్ళాడు. యలమంద తువ్వాలు విప్పి కొత్త క్యారేజీ బయటికి తీశాడు. మూత నిండా అరచేయంత అక్షరాలు: యలమంద, భట్టిప్రోలు.

"ఇంత పెద్దగా ఎందుకు బాబాయ్?"

"చెక్కేవాడూ అదే అడిగాడు బాబూ. గేటు అవతలున్నోళ్ళకి కూడా కనపడాలి, చెక్కవయ్యా అన్నాను."