పుట్టలో పాలు

"టార్గెట్ ఆరుగురు మిసైల్ సైంటిస్టులు. వెపన్, పుట్టగొడుగుల కూర," ఇయర్‌పీస్‌లో చీఫ్ పల్లంరాజు గొంతు. "తిన్నరోజు ఏమీ తెలియదు. లివర్ పోయేసరికి విదేశీ ముఠా విమానం ఎక్కేస్తుంది."

రాజమండ్రి గెస్ట్‌హౌస్ వంటింట్లో వెయిటర్ వేషంలో ఉన్న ఏజెంట్ ఉదయ్‌కుమార్ గొంతు తగ్గించాడు.

"లంచ్ ఆపేయనా సార్?"

"ప్రూఫ్ లేకుండానా? పోయిన నెల పులస పులుసు ఆపించావు. ల్యాబ్‌లో చింతపండు తప్ప ఏం తేలింది? మినిస్టర్‌గారు ఆ పులస కోసం ఇంకా బాధపడుతున్నారయ్యా! మళ్ళీ తప్పయితే ఇంటికే."

ఉదయ్‌కి ఒళ్ళు మండింది. మిగిలిన పచ్చి పుట్టగొడుగుల మీద పెన్ను స్కానర్ తిప్పాడు. 'కాడ మొదలు చూపించండి' అంది తెర. విషపుదైతే కాడ అడుగున చిన్న గిన్నెలాంటి తొడుగు ఉంటుంది. తినేదైతే పుట్ట లోపలికి పొడుగ్గా వేరు దిగుతుంది. గొడుగులన్నీ ఒకేలా తెల్లగా ఉన్నాయి, మొదళ్ళేమో ఎవరో శుభ్రంగా కోసేశారు. చెత్తబుట్ట కూడా కడిగి బోర్లించి ఉంది. ఢిల్లీ నుంచి తెప్పించిన పెన్ను, కనీసం రాయదు కూడా! విసిరికొట్టాలనిపించింది.

"వరద తగ్గిందాండి?" వెనక నుంచి కోడ్‌వర్డ్. ఉప్పాడ చీరలో ఇంద్రజ, మెరుపుతీగలా ఉంది. క్యాటరింగ్ మేనేజర్‌గా డిపార్ట్‌మెంటే పెట్టిన ఏజెంట్.

"గేట్లు ఎత్తారు," జవాబు కోడ్ చెప్పాడు ఉదయ్. "ఇవి ఎక్కడివి?"

"టెన్షన్ ఎందుకండీ? పిఠాపురం పిల్లని, నాకు తెలీదా? ఇవాళ పొద్దున్నే మా ఊళ్ళో దగ్గరుండి పుట్ట తవ్వించానండి."

చేసేదేం లేక ఉదయ్ ట్రే ఎత్తుకుని హాల్లోకి నడిచాడు. వడ్డన అయిపోయింది. పెద్ద సైంటిస్టు ముద్ద కలుపుతున్నాడు. జేబులో ఫోన్ వణికింది. అమ్మ జగదాంబ మెసేజ్: 'నాగుల చవితి నాడు కూడా ఫోన్ ఎత్తవు. పుట్టలో పాలు పోశావా లేదా?'

ఉదయ్ కాళ్ళు ఆగిపోయాయి. చవితి నాడు ఊరంతా పుట్టకి పాలు పోస్తుంది. ఆ రోజు పిఠాపురంలో పుట్ట మీద గునపం వేసేవాళ్ళెవరు? ఇంట్లో కూరగాయ మీద కత్తి పెట్టడానికే అమ్మ ఒప్పుకోదు!

ముద్ద నోటిదాకా వచ్చింది. ఉదయ్ ట్రే విసిరాడు. ముద్ద, కంచం, కూర అన్నీ నేల మీద పడ్డాయి.

"ఎవరూ తినొద్దు!"

"ఉదయ్! మళ్ళీనా?" ఇయర్‌పీస్‌లో చీఫ్ అరుపు.

వెనకే హాల్లోకి వచ్చిన ఇంద్రజ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోని పిస్టల్ మీదకి వెళ్ళింది. ఉదయ్ ఆ మణికట్టు మెలిపెట్టాడు. బ్యాగు కిందపడింది. పిస్టల్‌తో పాటు ఒక కవరు జారింది. అందులో కోసేసిన మొదళ్ళు, ప్రతిదానికీ తెల్లటి తొడుగు. వాటి మీద తిప్పగానే స్కానర్ ఎర్రగా వెలిగి కూసింది.

"నేనూ అదే అనుకున్నానయ్యా," అన్నాడు చీఫ్.

ఉదయ్ పళ్ళు కొరుకుతూ ఇంద్రజకి బేడీలు వేశాడు. ఈసారి ఫోన్ మోగింది, అమ్మే.

"పాముకి పాలు పోశావా నాన్నా?"

"లేదమ్మా. పట్టుకున్నాను."