డాబా మీద షామియానా

"దొండకాయ వేపుడు నిలువు ముక్కలా, అడ్డ ముక్కలా?"

"అడ్డం. ఒక్కలకేనా?"

"ఒక్కడికే."

కోడ్ సరిపోయింది. మధురానగర్‌లో కర్రీ పాయింట్ నడిపే శకుంతలమ్మ పొట్లం కడుతూ గొంతు తగ్గించింది. ఆమె వంకాయ కూర కోసం కాలనీ అంతా క్యూ కడుతుంది. ఆమె ఇంటెలిజెన్స్‌లో హైదరాబాద్ చీఫ్ అన్న సంగతి మాత్రం ఆ క్యూలో ఒక్కడికే తెలుసు. అతని పేరు లియో. ఏడాదిగా అతను రవిచంద్ర.

"రేపు మీ స్టూడియోల సినిమా పూజకు ఆంటన్ వస్తుండు. ఫారిన్ కెమెరామెన్ అని చెప్పుకుంటడు. భీమిలి జెట్టీ ఫొటో జూస్తడు. మన నేవీ నౌక ఆడ్నే ఉన్నదంటే, సముద్రం అడుగున దాసిపెట్టిన బోటుకు పేల్చెయ్యమని సిగ్నల్ ఇస్తడు. నౌకల మనోళ్లు రెండొందల మంది ఉన్నరు."

"సర్వర్ ఆపేస్తే?"

"గట్ల జేస్తె వాడు ఉడాయిస్తడు, బోటు దాక్కుంటది. ఫొటో జూడాలె. కానీ తప్పు ఫొటో జూడాలె. ఇంగొకటి, ఆ హీరోయిన్ గీతికతోని జర పైలం. ఎవల మనిషో మాకే తెల్వదు."

ఫిల్మ్‌నగర్‌లోని ఆ స్టూడియో పేరు త్రికాల డిజిటల్స్. పైకి సినిమాలకి బ్యాక్‌గ్రౌండ్లు తయారు చేస్తుంది. లోపల మాత్రం దొంగతనంగా తెచ్చిన ఉపగ్రహ చిత్రాలున్నాయి. మన తీరమంతా రోజురోజుకీ డేటాబేస్‌లోకి ఎక్కుతుంది. ప్రతి చిత్రాన్నీ ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మీదా తేదీ వేసి దాస్తారు. తెర కింద టైమ్ స్లైడర్‌ని ఏ తేదీకి జరిపితే ఆ రోజు సముద్రం తెర మీద పరుచుకుంటుంది. ఆ తేదీకి ముక్క లేకపోతే సర్వర్ నోరెత్తదు. అంతకుముందు తేదీల్లో దగ్గరగా ఏది దొరికితే అది చూపించేస్తుంది. పైన మాత్రం అడిగిన తేదీయే మెరుస్తూ ఉంటుంది.

ఈ సర్వర్‌ని చూసుకునే ఉద్యోగం లియోది. కొత్త చిత్రం ఎక్కించడం, తేదీ మార్చడం, కాపీ తీయడం ఆంటన్ మనుషుల చేతుల్లో ఉండేవి. లియోకి ఉన్న అధికారం ఒక్కటే, ఎక్కినవి చెరపడం. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చి రావాలి.

సాయంత్రం అందరూ ఇళ్లకి వెళ్లాక లియో కాసేపు కుర్చీలోనే ఉండిపోయేవాడు. యూసుఫ్‌గూడలో అతని కిరాయి గదిలో ఎదురుచూసేవాళ్లు లేరు. జెట్టీ ఉన్న ముక్కలోనే, పైమూలన, భీమిలిలో అతని సొంత డాబా కనిపించేది. నీళ్ల ట్యాంకు, ఆరేసిన దుప్పట్లు. భార్య కెజియా దుప్పట్లు ఉతికిన రోజులన్నీ అతనికి తెలుసు. ఇంటికి ఫోన్ చేయకూడదు. ఆడపిల్ల పుట్టిందన్న కబురు కూడా శకుంతలమ్మ పప్పు పొట్లంతో పాటే అందింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం నాటి చిత్రంలో ఆ డాబా మీద తెల్లటి చదరం ఉంది. షామియానా. పాప జెరూష బాప్తిస్మం విందు. పేరు అతను పెట్టిందే. బిడ్డ ఆ గుడ్డ కింద ఎక్కడో ఎవరి ఒళ్లోనో ఉంది. అతను రోజూ స్లైడర్‌ని ఆ తేదీకి జరిపి చూసుకునేవాడు. ఏడుపొచ్చేది. ఒక్కోసారి ఏడ్చేవాడు కూడా.

శుక్రవారం ఉదయం స్టూడియో మామిడాకులతో, అగరుబత్తి వాసనతో కళకళలాడింది. మెడలో కండువా, నుదుట బొట్టుతో ఆంటన్ పెద్ద తెర ముందు నిలబడ్డాడు. ఆ రోజు చిత్రం అప్పుడే సర్వర్‌లోకి వచ్చింది.

"షో మీ. నౌ!"

స్టూడియో ఓనరు వీరరాఘవయ్య చేతులు కట్టుకున్నాడు. "రాహుకాలం అండీ. పన్నెండు దాటేదాకా ఇక్కడ ఎవరూ మీట ముట్టుకోరు. సిద్ధాంతిగారు కూడా అదే చెప్పారు."

సిద్ధాంతి పట్టాభిరామయ్య పంచాంగం చూపించాడు. ఆంటన్ అరిచాడు, బతిమాలాడు. లాభం లేకపోయింది. దేశాన్ని అమ్ముకోవడానికి వెనకాడని వీరరాఘవయ్య రాహుకాలానికి మాత్రం వణికిపోయాడు.

అందరూ పులిహోర మీద పడ్డారు. లియో సర్వర్ గదిలోకి జారుకున్నాడు.

ఈ రోజు ముక్క చెరిపితే నిన్నటిది వస్తుంది. అందులోనూ నౌక ఉంది. అది మార్చిలో జెట్టీకి వచ్చింది. ఖాళీ జెట్టీ కావాలంటే ఫిబ్రవరి దాకా వెనక్కి వెళ్లాలి. మధ్యలో ఒక్క తేదీ మిగిలినా పని చెడుతుంది. అతను చెరుపుకుంటూ వెళ్లాడు. జూన్ పోయింది. మే పోయింది. ఏప్రిల్‌లో ఆ ఒక్క ఆదివారాన్ని వదిలేసి మిగతాదంతా చెరిపి, మార్చి మొత్తం తుడిచి, మళ్లీ ఆ ఆదివారం దగ్గరికే వచ్చి ఆగిపోయాడు.

వెనక అత్తరు వాసన.

"చేతులు పైకి, రవిచంద్రా."

గీతిక. కంచిపట్టు చీర, చేతిలో లిప్‌స్టిక్‌లాంటి బుల్లి పిస్టల్. ఈ సినిమాకి హీరోయిన్. ఆంటన్‌కి కుడిచెయ్యి.

"క్యాంటీన్‌లో ముద్ద కలిపేముందు కళ్లు మూసుకుంటావు. ప్రార్థన. ఈ రోజు స్టూడియో అంతా చేతులు ముడుచుకుంటే నువ్వొక్కడివే కీబోర్డు ముట్టావు. అసలు పేరేంటి?"

"లియో."

ఆమె తెర వైపు చూసింది. "ఇదేంటి?"

"మా డాబా."

"ఆ తెల్లది?"

"షామియానా. మా పాప బాప్తిస్మం. నేను లేను."

పిస్టల్ మెల్లగా కిందికి దిగింది. "నేను నేవీ ఇంటెలిజెన్స్. మావాళ్లు మీకు చెప్పరు, మీవాళ్లు మాకు చెప్పరు. ఇదొక్కటే మిగిలిందా?"

"ఇదొక్కటే."

"ఇందులోనూ నౌక ఉంది లియో."

"తెలుసండీ."

హాల్లో కొబ్బరికాయ పగిలింది. వీరరాఘవయ్య గొంతు వినిపించింది. "రాహుకాలం పోయింది! ఆన్ చేయండి బాబూ!"

లియో ఆ తెల్లటి చదరం మీద చిటికెన వేలు ఆనించాడు. తెర చల్లగా ఉంది. రెండో చేత్తో మీట నొక్కాడు.

హాల్లో ఆంటన్ స్లైడర్‌ని ఈ రోజుకి జరిపాడు. పైన ఈ రోజు తేదీ వెలిగింది. కింద ఫిబ్రవరి నాటి జెట్టీ పరుచుకుంది. ఖాళీ జెట్టీ.

"గాన్!" ఆంటన్ ముఖం మాడిపోయింది. నౌక సముద్రంలోకి వచ్చేసిందనుకుని, బోటు వెనక్కి రావాలని సిగ్నల్ ఇచ్చాడు. కంగారుగా నీటి పైకి తేలిన బోటు నేవీ వలలో పడింది. ఆంటన్ చేతులకి గీతిక బేడీలు వేస్తుంటే, అది కూడా షూటింగే అనుకుని లైట్‌బాయ్‌లు చప్పట్లు కొట్టారు.

మర్నాడు కర్రీ పాయింట్‌లో శకుంతలమ్మ అడిగింది. "చెరిపినయిట్ల పనికొచ్చేటియి ఏమన్న ఉండెనా? రిపోర్టుల రాయాలె."

"ఏం లేదమ్మా. షామియానా ఒకటి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. పొట్లం చేతిలో పెట్టింది. "గదిల ఇప్పుకో."

లియో మెట్ల మీదే విప్పాడు. ఈసారి వేపుడుతో పాటు కొత్త మిషన్ రాలేదు. విశాఖకి రైలు టికెట్టు ఉంది. రెండొందల ప్రాణాలు కాపాడిన ఏజెంటుకి ప్రభుత్వం పలుకుబడంతా వాడి సంపాదించి పెట్టిన టికెట్టు అది. వెయిటింగ్ లిస్టు, నలభై రెండు.