చవక రైఫిల్, ఖరీదైన స్కోప్

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ. గట్టిగా చెప్పే కథ కాదిది.

డెన్వర్‌లో ఒక కార్ పార్కింగ్ దగ్గర, ఎక్కడో దూరం నుంచి వచ్చిన ఒక్క తూటాకి ఏజెంట్ బైరమ్ కూలిపోయాడు. పక్కనే ఉన్న వెర్నాకు ఏడుపు రాలేదు. పన్నెండేళ్లు జంటగా పనిచేసిన మనిషి. అయినా ఆ మధ్యాహ్నం ఆమె శాండ్‌విచ్ మొత్తం తినేసింది కూడా. అప్పటి నుంచి ఒళ్లంతా మొద్దుబారిపోయినట్టే ఉంది.

పదో రోజున చీఫ్ పిలిచాడు.

"వయోమింగ్‌లో సేజ్ బెండ్ అనే ఊరు. ఇంజనీర్ ఆర్విడ్ అక్కడ దాక్కున్నాడు. సోమవారం కోర్టులో నోరు విప్పాడంటే విదేశీ ముఠా మొత్తం దొరుకుతుంది. అందాకా వాడు బతికుండాలి. తోడుగా ఇలోనా ఉంది."

"ఆవిడ ముఠా మనిషే కదా సార్?"

"ఒకప్పుడు. ఇప్పుడు మన డబుల్ ఏజెంట్. తుపాకీ పట్టడం కూడా రాదట. నువ్వు దూరంగా ఉండి కనిపెట్టు."

ఆ ఊళ్లో అందరూ చేరేది తుపాకుల కొట్టులోనే. వెర్నా జుట్టుకు నెరిసిన రంగు వేయించుకుని, కెమెరా దాచిన కళ్లజోడు పెట్టుకుని, కౌంటర్ వెనక పనికి కుదిరింది. కొట్టు యజమాని హోబర్ట్ నోరు మూస్తే ఒట్టు.

"మొదటిసారి కొనేవాళ్లని ఇట్టే పోల్చుకోవచ్చమ్మాయ్. ఉన్న డబ్బంతా రైఫిల్ మీద తగలేస్తారు. దూరం గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, దాని దగ్గరికొచ్చేసరికి జేబులు తడుముకుంటారు. నేనూ అంతే చేశా. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది."

గురువారం ఇలోనా వచ్చింది. ముత్యం రంగు టోపీ, ఎర్ర బూట్లు, కొట్టంతా సెంటు వాసన.

"ఊరికే సరదాకి నేర్చుకుందామని. మొదటి రైఫిల్. పదిహేను వందల డాలర్లకి మించి లేవు."

హోబర్ట్ నిగనిగలాడే చెక్క రైఫిల్ ఒకటి చూపించాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మూలనున్న చవక రైఫిల్ తీసి, తూటా ఎక్కించే బోల్ట్ రెండుసార్లు లాగి, ట్రిగ్గర్ నొక్కి చూసి, "ఇది చాలు" అంది. మిగిలిన డబ్బంతా స్కోప్‌కే పెట్టింది. దాన్ని బిగించే రింగులు కూడా ఏరి ఏరి తీసుకుంది.

"ఎంత తెలివైన అమ్మాయో!" అని హోబర్ట్ మురిసిపోయాడు.

వెర్నా మురవలేదు. కొత్తవాళ్లంతా చేసే తప్పు ఈ మనిషి చెయ్యలేదు.

ఫోన్‌లో చీఫ్ నవ్వాడు. "మంచి స్కోప్ కొనడం నేరం కాదు వెర్నా."

శనివారం పొద్దున ఊరి బయట కాల్పుల మైదానంలో, అంటే రేంజ్‌లో, పోటీ. ఇలోనాతో కలిపి పదిమంది వరుసగా బోర్లా పడుకుని, దూరాన నిలబెట్టిన ఇనుప పలకలను కొడుతున్నారు. ఎడంపక్క, వాగు అవతల, ఆర్విడ్ దాక్కున్న ఇల్లు. ఇలోనా ఎంచిపెట్టిన ఇల్లే. రోజూ పదింటికి అతను కాఫీ కప్పుతో వరండాలోకి వస్తాడు. ఇన్ని మోతల్లో ఒక మోత ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది?

పదయింది. వరండా తలుపు తెరుచుకుంది. ఇలోనా రైఫిల్ గొట్టం పలకల మీద నుంచి మెల్లగా ఎడమకు జరిగింది. వెర్నా వరుసకు ఆ చివర ఉంది. పరుగెత్తినా అందదు.

"సీజ్ ఫైర్!" అని అరిచింది.

రేంజ్‌లో కాల్పులు ఆపమనే ఆ మాట చంటిపిల్ల అన్నా సరే, ఆగి తీరాలి. పది బోల్ట్‌లు ఒక్కసారే తెరుచుకున్నాయి. పదిమందీ చేతులు తీసేసి వెనక్కి జరిగారు. ఇలోనా కూడా. ఏళ్ల తరబడి పడ్డ అలవాటు అది. ఆమె తేరుకుని మళ్లీ రైఫిల్ వైపు వంగేసరికి, ఈలోగా పరుగెత్తుకొచ్చిన వెర్నా పిస్టల్ మెడకు తగిలింది.

"ఎలా కనిపెట్టావు?" అంది ఇలోనా.

"ఆ చెక్క రైఫిల్ కొనుంటే నేనీపాటికి ఇంట్లో ఉండేదాన్ని. బైరమ్‌ని కొట్టింది నువ్వేనా?"

"అది ఇంకో రైఫిల్. నదిలో పారేశా."

వెర్నా కోపం కోసం ఎదురుచూసింది. రాలేదు. వాగు అవతల ఆర్విడ్ ఏమీ తెలియక చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

సాయంత్రం చీఫ్ గొణిగాడు. "ఆ పదిహేను వందలు మనమిచ్చిన భత్యమేనట."

"అయితే స్కోప్ మనదే సార్. పారెయ్యకండి, చాలా మంచిది."

ఇదీ కథ. గుర్తుపెట్టుకుని మీ పిల్లలకు చెప్పండి. శాండ్‌విచ్ సంగతి మాత్రం వదిలెయ్యకండి. నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి.