దవడ పళ్ళు రాలగొడతానన్నవాడు

"అమ్మా, రేపు మా ఆయన్ని కోర్టుకు తీసుకెళ్తారంట! వీరబాబుని చంపాడంట! కోడిని కొయ్యాలన్నా పక్కింటోళ్ళని పిలిచే మనిషమ్మా ఆయన!"

గుమ్మంలోనే ఏడుపందుకున్న ఆవిడ పేరు మహిమ. పిడుగురాళ్ల దగ్గర ఓ పల్లె నుంచి మొదటి బస్సుకు గుంటూరు వచ్చింది. ప్రైవేటు డిటెక్టివ్ జ్యోతిర్మయి ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఇక అసిస్టెంటు జోసఫ్ సంగతి చెప్పాలా! హత్య అన్న మాట చెవిన పడగానే స్కూటరు తాళాలు అందుకునే రకం. మేడమ్ ఉండగా తేలని కేసుంటుందా అని అతని ధీమా.

మహిమ చెప్పింది ఇదీ. ఆమె భర్త జక్రయ్యకు ఊరి చివర కాస్త మిరపచేను ఉంది. దాని అడుగున తెల్లరాయి పడిందని ఊళ్ళో మోతుబరి వీరబాబు క్వారీకోసం ఇమ్మన్నాడు. జక్రయ్య ససేమిరా అన్నాడు. ఓ రోజు వీరబాబు చేలో హద్దురాళ్ళు పాతించబోతే, కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తున్న జనమంతా వినేలా జక్రయ్య అరిచాడు: "ఇంకోసారి గట్టు తొక్కావంటే దవడ పళ్ళు రాలగొడతా!"

ఆ రాత్రి నుంచి వీరబాబు కనపడలేదు. వారం తర్వాత, జక్రయ్య చేలో కాలిపోయిన పత్తికట్టె కుప్పలో మనిషి దవడ ఎముక బయటపడింది.

"మా ఆయన నోరు పెద్దదమ్మా, అంతే! అట్టాంటి మాటలు మా ఊళ్ళో రోజుకు వంద వినపడతాయి. ఆయన జైలుకెళ్తే వకీలు కోసం నేను ఆ చేను అమ్ముకోవాల్సిందే."

"పద జోసఫ్," అంది జ్యోతిర్మయి.

స్టేషన్లో ఎస్సై ఆ ఎముకను గుడ్డమీద పెట్టి చూపించాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. ముందువైపు పళ్ళ గుంటలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వెనక, దవడ పళ్ళు ఉండాల్సిన చోట మాత్రం గుంటలు లేవు, నున్నటి గట్టు ఉంది. ఆ గట్టుకు పైన, బయటివైపు, వంకీలాంటి ఎర్రటి గీత. లోపలివైపు వేలు దూరేంత రంధ్రం.

"చంపి కుప్పలో పెట్టి తగలబెట్టాడు మేడమ్. బూడిద కాకుండా ఇదొక్కటే మిగిలింది. పై దవడే అన్నారు డాక్టరుగారు, పూర్తి రిపోర్టు హైదరాబాదు నుంచి రావాలి. రాలగొడతానన్నాడు, సరిగ్గా దవడ పళ్ళే లేవు! రక్తం మరక కూడా ఉంది చూడండి," అన్నాడు ఎస్సై, కేసు తేలిపోయిన సంబరంతో.

ఇక చేసేదేముందని జోసఫ్ స్కూటరు తాళాలు బయటికి తీశాడు. మేడమ్ మొహం మాత్రం వెలిగింది. ఆ ఎర్రగీతను వేలితో రుద్ది చూసి లేచింది.

వీరబాబు ఇంట్లో తల్లి సుబ్బరావమ్మ ఏడ్చి ఏడ్చి నీరసంగా పడి ఉంది. ఆవిడ మేనల్లుడు చైతన్యకృష్ణ విసనకర్రతో విసురుతున్నాడు.

"అమ్మా, మీ అబ్బాయి పళ్ళేమైనా పీకించుకున్నాడా?"

"ఎవరూ, మావాడా? కనపడకుండా పోయిన రోజు పొద్దున కూడా ఈ అరుగు మీదే కూర్చుని చెరుకు గడ దవడ పళ్ళతో చీల్చుకుని తిన్నాడు తల్లీ!" అంటూ ఆవిడ మళ్ళీ బావురుమంది.

"మీరేం చేస్తుంటారు?" అని జ్యోతిర్మయి కుర్రాణ్ణి అడిగింది.

"అద్దంకిలో పురుగుమందుల షాపండి. గుంటూరులో ఏదో చదివాను గానీ, అబ్బలేదు లెండి."

సాయంత్రం జ్యోతిర్మయి గుంటూరులో ఓ అనాటమీ మాస్టారి ఇంట్లో చాలాసేపు కూర్చుంది. బయటికొచ్చాక, "దొరికాడు, జోసఫ్!" అని స్కూటరు సీటు మీద చరిచింది. ఎవరని అడిగితే చెబుతుందా? చచ్చినా చెప్పదు. ఆ రాత్రి జోసఫ్‌కి నిద్ర పడితే ఒట్టు.

మర్నాడు పొద్దున్నే సుబ్బరావమ్మ ఇంటి వసారాలో అందరూ చేరారు. ఎస్సై ఎముకను వెంట తెచ్చాడు. మహిమ గుమ్మం బయటే నిలబడింది.

"ఈ ఎముకను తలా ఒకసారి పట్టుకోండి," అంది జ్యోతిర్మయి.

ఎస్సై తలకిందులుగా పట్టుకున్నాడు. జోసఫ్ అడ్డంగా పట్టుకున్నాడు. చైతన్యకృష్ణ చేతిలోకి వెళ్ళగానే ఎముక దానంతటదే తిరిగినట్టు తిరిగింది. పళ్ళ వరస కిందికి, రంధ్రం లోపలికి.

"ఏ వైపుది?" అంది జ్యోతిర్మయి, పరీక్షలో మాస్టారిలా గద్దించి.

"ఎడమ!" అన్నాడతను టకీమని. అనేసి నాలిక కరుచుకున్నాడు.

"శభాష్! గుంటూరులో మీ మాస్టారు చెప్పారు లే, మెడిసిన్ మొదటి ఏడాది తప్పినా ఇదొక్కటి మర్చిపోలేదన్నమాట. పై దవడ ఒకే ఎముకని అందరూ అనుకుంటారు, కానీ ఎడమొకటి, కుడొకటి, రెండూ ముక్కు కింద కలుస్తాయి. దెబ్బ కొడితే విరుగుతుంది గానీ, పుర్రె నుంచి ఇంత శుభ్రంగా అతుకుల దగ్గర ఊడిరాదు. ఇలా విడదీసేది మెడికల్ విద్యార్థుల కోసమే. ఆ రంధ్రం, ముక్కు పక్కనుండే గాలి గదికి దారి."

"మరి రక్తం?" అన్నాడు ఎస్సై.

"ఎండిన రక్తం ఇన్నాళ్ళు ఎర్రగా ఉంటుందా? అందులోనూ కుప్పనంతా బూడిద చేసిన మంటలో! అది రంగు. బుగ్గ కండరం దవడ పళ్ళకు పైన ఇక్కడే మొదలవుతుంది. కండరం మొదలయ్యే చోట ఎర్రగీత గీసుకోవడం విద్యార్థుల అలవాటు. మంట ఆరాకే దీన్ని బూడిదలో పెట్టారు."

జోసఫ్‌కి చప్పట్లు కొట్టాలనిపించింది.

"ఇక అసలు సంగతి. చచ్చాక పన్ను ఊడితే గుంట అలాగే ఉంటుంది, ముందు పళ్ళు చూడండి. బతికుండగా పోతే ఆ గుంట ఎముకతో పూడి నున్నబడుతుంది. అందుకు నెలలు పడుతుంది. ఈ మనిషికి దవడ పళ్ళు పోయి చాలాకాలమైంది. వీరబాబు పోయిన వారం చెరుకు చీల్చాడు! జక్రయ్య అరిచిన మాటకు సరిపోయేలా, తను మెడిసిన్ చదివిననాటి ఎముకల పెట్టెలోంచి దవడ పళ్ళు లేనిదాన్ని ఏరి తెచ్చాడీ పెద్దమనిషి. తిట్టు ఎవరైనా నిజం చేసి చూపిస్తారా, చైతన్యా? మీ బావ ఎక్కడ?"

చైతన్యకృష్ణ ఎస్సై కాళ్ళ మీద పడ్డాడు. "నాదేం లేదండీ... బావే చెప్పాడు. జక్రయ్య లోపలికి పోతే చేను అమ్మకానికొస్తుందన్నాడు. అద్దంకిలో మా షాపు మేడ మీదున్నాడు."

ఎస్సై కానిస్టేబుల్‌ను అద్దంకి పరుగెత్తించి, జక్రయ్యను వదలమని స్టేషనుకు ఫోన్ చేశాడు. సుబ్బరావమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "బతికే ఉన్నాడా నా కొడుకు! వాడి మొహం మండా, ఎవరి బిడ్డ ఎముకనో నా బిడ్డదనుకుని ఏడ్చేలా చేశాడే నన్ను!" అంటూ లేచి, తడబడుతూ గుమ్మం దాకా వెళ్ళి మహిమ ముందు చేతులు జోడించింది.

మహిమ ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

"బిడ్డ పోయాడని మీరు ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చిందమ్మా. నా ఏడుపు మాత్రం ఈ వీధిలో ఒక్కరూ వినలేదు. ముందు మా ఆయన ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిననీయండి. తర్వాత మాట్లాడుకుందాం."

స్కూటరెక్కమని జోసఫ్ పిలుస్తూనే ఉన్నాడు. ఆమె వినిపించుకోలేదు. పమిట బిగించి, స్టేషను దారిన పరుగందుకుంది.