నాలుగో మజిలీలో అక్క బూట్లు

నాలుగో మజిలీ సత్రానికి మంచి పేరు లేదు. ఇరవై ఆరు రోజుల పాదయాత్రలో దారి పొడవునా సత్రాలే. మిగతావాటి గురించి అడిగితే నీళ్లు బాగుంటాయనో, నల్లులు ఎక్కువనో చెబుతారు. నాలుగోదాని ఊసెత్తితే మాత్రం మాట మార్చేస్తారు. మరీ నిలదీస్తే గొంతు తగ్గించి ఒక్కటే అంటారు— "అక్కడ రాత్రి అడుగుల చప్పుడు వినబడితే... లేవకు."

పార్సిలమ్మ కూడా ఈ మాట విన్నది. పార్సిల్ ఆఫీసు కౌంటర్లో ముప్ఫై ఏళ్లు మూటలు తూచిన మనిషి కాబట్టి ఆ పేరు. చేత్తో ఎత్తి చూసి బరువు చెప్పేస్తుంది. దెయ్యాలంటే ఆవిడకు నవ్వు.

"అంత దూరం నడిచొచ్చే ఓపిక మనకే లేదు, దెయ్యానికెక్కడిదీ?" అనేసింది.

నిజానికి ఈ యాత్ర ఆలోచన ఆవిడది కాదు, వాళ్ల అక్కది. కొత్త బూట్లతో దూరం నడిస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయని ఎవరో చెబితే, అక్క వాటిని తొడుక్కుని ఇంటి మెట్లు రోజూ ఎక్కి దిగేది. అవి కాలికి అలవాటైన వారానికే ఆస్పత్రి పాలైంది. ఆఖరి రోజున చెల్లెలి చెయ్యి పట్టుకుని, "నేను రాకపోయినా నా బూట్లు గుడి మెట్ల దాకా చేర్చవే," అంది. చేరుస్తానని చెల్లెలు మాటిచ్చింది. అక్క పోయి ఐదు నెలలైంది.

ప్రయాణం ముందురోజు పార్సిలమ్మ వంటింటి బల్ల మీద సామానంతా పరిచింది. పక్కన ఆఫీసులో అడిగి తెచ్చిన కాటా. సంచీ ఆరు కిలోలు దాటితే ఆవిడ నొప్పి మోకాలికి తన పూచీ లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. అందుకని సబ్బు సగానికి కోసింది. తువ్వాలు సగానికి చింపింది. టూత్‌బ్రష్ కాడ కూడా విరిచేసింది. బట్టలు, మేజోళ్లు, మందులు, రెయిన్‌కోటు, టార్చి... అన్నీ కలిపి సరిగ్గా ఆరు కిలోలు. అక్క బూట్లు ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

"అవెందుకమ్మా మోసుకుపోవడం?" అన్నాడు బావగారు గుమ్మంలో నిలబడి. "నీ మోకాలు సంగతి చూసుకో. మనసులో దణ్ణం పెట్టుకుంటే మీ అక్కే వింటుంది."

"మాటిచ్చాను బావగారూ."

పార్సిలమ్మ బూట్లు తూచింది. ఎనిమిది వందల యాభై గ్రాములు. రెయిన్‌కోటు తీసి పక్కన పెట్టింది. ఇంకా ఎక్కువే. టార్చి కూడా తీసేసింది. సత్రాల్లో దీపాలుండవా ఏంటి అనుకుంది మహాతల్లి.

నాలుగో మజిలీలో ఉన్నాయి. తొమ్మిదింటికల్లా ఆర్పేస్తారు.

అక్కడ ఇంకో కట్టుబాటు కూడా ఉంది. బూట్లు గదిలోకి తేకూడదు, వసారాలో అల్మారాలోనే పెట్టాలి.

"ఇవి తొడుక్కునేవి కాదు బాబూ, సంచీలోనే ఉంటాయి," అని బతిమాలింది.

"బూట్లంటే బూట్లేనమ్మా," అన్నాడు సత్రం కాపలాదారు. ఆ రాత్రి యాత్రికులు మొత్తం ఐదుగురు, అల్మారాలో ఆరు జతలు. అతను వసారా తలుపుకి తాళం వేసి తాళంచెవి మొలకి దోపుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మధ్యలో లేవకండమ్మా..." అని గొణిగాడు.

పడుకుందే గానీ పార్సిలమ్మకి కునుకు పట్టలేదు. మోకాలు సలుపుతోంది. ఎంతసేపు గడిచిందో తెలీదు—

టక్.

వసారాలో... బండల మీద...

టక్. టక్.

ఎవరో బూట్లు తొడుక్కుని నడుస్తున్నారు. తొందరలేదు. వసారా ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్లీ ఆ చివరికి. పార్సిలమ్మ తలగడ కిందకి చెయ్యి పోనిచ్చింది. టార్చి లేదు కదా! మిగతా నాలుగు మంచాల మీద నలుగురూ గురకలు పెడుతూనే ఉన్నారు. అంటే... నడిచేది వీళ్లెవరూ కాదు.

చప్పుడు గదిలోకి వచ్చింది. ఒక్కో మంచమే దాటుతూ వచ్చింది. ఆవిడ మంచం దగ్గర ఆగింది.

పార్సిలమ్మ నిండా దుప్పటి ముసుగు పెట్టి ఊపిరి బిగబట్టింది. ఎవరో తన వైపు వంగినట్టు... దుప్పటి అంచు సర్దినట్టు...

తర్వాత అడుగులు దూరమయ్యాయి. తలుపు తెరిచిన చప్పుడు మాత్రం వినబడలేదు.

తెల్లారి చూస్తే అల్మారాలో ఐదు జతలే ఉన్నాయి. వేసిన తాళం వేసినట్టే ఉంది.

పార్సిలమ్మ అక్కడే బండల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. భయంతో కాదు. అక్క అడిగింది ఆ ఒక్కటే, అదీ తను నాలుగు రోజులైనా కాపాడలేకపోయింది.

"వెనక్కెళ్లిపోండమ్మా," అన్నాడు కాపలాదారు, ఆవిడ కళ్లలోకి చూడకుండా. "బస్సు దొరుకుతుంది."

ఆవిడ లేచింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ఊరికే పోతుందా? దిగాల్సిన చోట దిగని పార్సిల్ కోసం వాళ్ల ఆఫీసులో ఎవరూ వెనక్కి వెతకరు, తర్వాతి స్టేషన్లో అడుగుతారు.

"తర్వాతి సత్రం ఎంత దూరం?" అంది.

పొద్దు వాలేసరికి కుంటుకుంటూ అయిదో మజిలీ చేరింది. బల్ల దగ్గర కూర్చున్న ముసలాయన ఆవిడ కాలు ఈడ్చి నడవడం చూసి, అడక్కుండానే లేచాడు.

"మీరేనా చెల్లెలు గారు? కిటికీ పక్కన కింది మంచం మీది. మోకాలు బాలేదు, పై మంచం ఎక్కలేదని మరీ మరీ చెప్పారు మీ అక్కగారు."

పార్సిలమ్మ సంచీ కిందికి దించింది.

"ఎప్పుడొచ్చింది?"

"తెల్లారకముందే. చీకట్లో మొహం సరిగ్గా చూళ్లేదు లెండి. ఆ మాట చెప్పి లోపలికెళ్లారు, మళ్లీ కనబళ్లేదు."

ఆవిడ అల్మారా వైపు తిరిగింది. అడుగు అరలో అక్క బూట్లు ఉన్నాయి. మడమల దాకా తడి మట్టి. చెయ్యి ఒకదాన్లో పెట్టి చూసింది. లోపల వెచ్చగా ఉంది.

వాటిని సంచీలో పెట్టుకోలేదు. తన బూట్లు విప్పి వాటి పక్కనే పెట్టింది.

ఆ రాత్రి దీపాలు ఆరిపోయాయి. అందరూ నిద్రపోయారు. పార్సిలమ్మ ముసుగు పెట్టుకోకుండా, కళ్లు తెరుచుకుని పడుకుంది.

టక్. టక్.

"అక్కా..." అంది చీకట్లోకి, గుసగుసగా. "రేపు కలిసి నడుద్దామే. నాకు ఒంటరిగా భయమేస్తోంది."

అడుగులు ఆగిపోయాయి. ఆ తర్వాత కాళ్ల వైపు మంచం మెల్లగా కుంగింది, ఎవరో వచ్చి కూర్చున్నట్టు.